చెంచుల తిండియు తిరుగుడును: అమ్రాబాదు పీఠభూమి చరిత్రలో ఒక ప్రకరణము

నల్లమల చెంచు పిల్లలను గూర్చి మైదానపు ప్రజలలో రెండు అభిప్రాయములు చిరకాలముగా వాడుకలో నున్నవి. అడవిగాలి పీల్చి, తేనె త్రాగి, గడ్డలు తిని పెరుగుటచే వారు ఉక్కుశరీరము గలవారని యొకటి. పని యన్న తప్పించుకొనువారు, ఇచ్చిన బియ్యము తిని పెంటలో పడియుండువారు అని రెండవది. మొదటిది నాటకములలోను చలనచిత్రములలోను కనబడును. రెండవది కచేరీలలోను సంతలలోను వినబడును. 1958లో వచ్చిన చెంచులక్ష్మి చిత్రమున నాయిక తన్ను కోరివచ్చిన వానిని చెట్లెక్కగలవా యని పరీక్షించు పాట తెలుగువారందరికిని పరిచితమే. ఆ పాట విని ముచ్చటపడిన వారే చెంచు బాలుడు బడి మానివేసినాడని తెలిసినప్పుడు వానిని సోమరి యందురు. ఈ రెండు మాటలలోను చరిత్ర లేదు. చెంచు బాలబాలికలు ఏమి తినుచు వచ్చిరి, ఎంత నడచుచు వచ్చిరి అనునది, ఆ యడవి ఏ కాలమున ఎవరి కట్టుబాటునకు లోబడి యుండెనో దానిని బట్టి మారినది. ఆ మార్పును వరుసగా చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మేము తీసికొన్న ప్రదేశము కృష్ణకు ఉత్తరపు టొడ్డున నున్న నల్లమల. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అచ్చంపేట, అమ్రాబాదు, లింగాల, కొల్లాపురము ప్రాంతములును, డిండికి ఆవల నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, చందంపేట ప్రాంతములును ఇందు చేరును. 2016లో జిల్లాలను తిరిగి విభజించినపుడు మొదటి భాగము నాగర్‌కర్నూలు జిల్లాలో కలిసినది. మేము చెప్పబోవు వృత్తాంతమున అధికభాగము పాత జిల్లాలనాటిది గనుక పాతపేర్లనే వాడుచున్నాము. 2011 జనాభా లెక్కలలో అప్పటి ఆంధ్రప్రదేశమున చెంచులు 64,227 మంది. వారిలో నేటి తెలంగాణమునకు చెందినవారు 16,912 మంది. తక్కినవారు కృష్ణకు దక్షిణమున నున్న నల్లమలవారు, దాని పరిసరములవారు.

చెంచుల ఆవాసమునకు పెంట యని పేరు. మైదానమున ఈ మాటకు గల అర్థము వేరు. అందుచేత క్రొత్తగా వచ్చిన ఉద్యోగులు ఈ గ్రామనామములను విని నవ్వుటయు కలదు. నల్లమలలో మాత్రము ఇది గౌరవమైన మాట. కొన్ని గుడిసెలు, దగ్గరలో ఒక చెలమ, చుట్టును తమకు పరిచితమైన అడవి: ఇంతయు కలిసి పెంట యగును. అప్పాపురము, భౌరాపురము, మేడిమల్కల, సంగడిగుండాల మొదలైనవి నేటికిని వినబడు పేర్లు. పెంట యనగా గుడిసెల గుంపు మాత్రమే యని తలచినచో చెంచుల ఆహారము మనకు బోధపడదు. గుడిసెలో నిలువచేసిన ధాన్యము అత్యల్పము. చుట్టునున్న అడవియే వారి గాదె.

కావ్యములలో అడవిజాతుల తిండియు ఆటయు వర్ణితములు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కన్నప్ప కథ కలదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తృతీయాశ్వాసములో తిన్నని కథను విస్తరించి చెప్పెను. అందు తిన్నని బాల్యక్రీడల పట్టిక యొకటి కలదు. తెలుగు పిల్లల ఆటలపేర్లకు ఆ పద్యము ఒక చిన్న నిఘంటువు వంటిది. పాలమూరు మండలమువాడగు సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇట్టి కావ్యసాక్ష్యములను కూర్చి, ఆటలును తిండియు చరిత్రకు ఎట్లు పనికివచ్చునో చూపెను. తిన్నడు ఎరుకల దొరకొడుకు. అతని ఊరు నల్లమలకు చాల దక్షిణమున నున్నది. కాబట్టి ఆ వర్ణనను చెంచులకు యథాతథముగా అన్వయించుట తగదు. అయినను ఒక విషయము గమనింపదగియున్నది. కవి చెప్పిన క్రమములో ఆటలు ముగిసినచోట విలువిద్య, విలువిద్య ముగిసినచోట వేట, వేట ముగిసినచోట మాంసపు నైవేద్యము వచ్చును. ఆటకును పనికిని తిండికిని నడుమ గోడలు లేవు. నగరపు కవికిని ఈ మాత్రము తెలియుట విశేషము.

శ్రీశైల యాత్రికులు చెంచులను మొదటినుండి ఎరుగుదురు. ఉమామహేశ్వరము శ్రీశైలమునకు ఉత్తరద్వార మనబడును. ఆ దారిని పోవువారికి చెంచులు మార్గదర్శకులుగాను కావలివారుగాను ఉండిరి. మల్లికార్జునుని చెంచుమల్లయ్య యని చెప్పుకొనుటలో వారికి స్వామితో బంధుత్వమే కలదు. కాలిన్ మెకంజీ 1794లో శ్రీశైలమును దర్శించి వ్రాసిన వృత్తాంతమునను, న్యూబోల్డు 1840వ దశకమున ప్రకటించిన ప్రత్యేక వ్యాసమునను చెంచులు కనబడుదురు. ఈ బ్రిటిషు సైనికోద్యోగులు దారిన పోవుచు చూచినవారే. చెంచుల మధ్య నివసించి దినచర్యను వ్రాసినవారు ఇరువదవ శతాబ్ది నడిమివరకు లేరు.

ఆ పని చేసినవాడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. ఈయన వియన్నాలో 1909లో జన్మించిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో యుద్ధము వచ్చినప్పుడు భారతదేశమున నుండుటచే శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానమున ఉండుటకు అనుజ్ఞ పొందెను. ఆ నిర్బంధమే తెలుగుదేశపు గిరిజన చరిత్రకు మేలుచేసినది. 1940లో ఆయన భార్య బెట్టీతో కూడ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ నివసించెను. ఆ పరిశోధన ఫలితముగా 1943లో చెంచులను గూర్చిన ఆయన గ్రంథము వెలువడినది. మా చర్చకు మూలాధారము ఇదియే.

ఆ గ్రంథమున కనబడు చెంచుల ప్రధానాహారము అడవిగడ్డలు. నూలగడ్డ, ఎరవలగడ్డ, చెంచుగడ్డ మొదలైన పేర్లు ఆ ప్రాంతమున నేటికిని వినవచ్చును. వీనిలో చాలవరకు తీగజాతులు. తీగ ఎండిన పిమ్మట గడ్డ యెచ్చట నున్నదో కనుగొనుట తెలిసినవానికే సాధ్యము. ఇనుపమొన గల త్రవ్వుకోలతో రాతినేలను త్రవ్వవలెను. ఒక్కొక్కప్పుడు మోచేతిలోతు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ. పురుషులును స్త్రీలును త్రవ్వుదురు. దొరికినదానిలో కొంత అక్కడనే కాల్చి తిని, మిగిలినది గంపలో పెంటకు తెత్తురు. రేపటికై దాచుట అరుదు. రేపు మరల పోవలెను.

ఇచ్చట మేము ఒక సంగతిని నొక్కి చెప్పవలసియున్నది. ఈ జీవనములో ఆహారమును శరీరశ్రమయు రెండు వేర్వేరు పద్దులు కావు. గడ్డను తినుటకు ముందు దానిని వెదకు నడక, త్రవ్వు శ్రమ, మోయు బరువు తప్పనిసరిగా నుండును. చంకలోని పసిబిడ్డకు అది తల్లి నడక. ఆరేడేండ్ల పిల్లకు అది తన నడక. దారిలో మొర్రిపండ్లు, తునికిపండ్లు, నేరేడు, రేగు, ఉసిరి దొరికినవి దొరికినట్లు నోటిలో పడును. పిల్లలు పూటకు పూట కూర్చుండి భోజనము చేయుటకన్న తిరుగుచు తినుటయే ఎక్కువ. ఆటవిల్లుతో ఉడుతను గురిచూచు బాలుడు ఆడుచున్నాడా పనిచేయుచున్నాడా యని అడిగినచో చెంచుతల్లికి ఆ ప్రశ్న అర్థముకాదు.

ఋతువును బట్టి పళ్ళెము మారును. ఎండకాలపు తొలినాళ్ళలో ఇప్పపూవు రాలును. తెల్లవారుజామున చెట్టు క్రిందికి చేరి ఏరుకొనుట పిల్లలకును వృద్ధులకును చేతనైన పని. పూవును ఉడికించియు, ఎండబెట్టియు తినెదరు. చింతపండును బూడిదతో కలిపి పులుపు విరిచి తినుట వీరి ప్రత్యేకాచారము. వానలలో ఆకుకూరలు, పుట్టగొడుగులు. వానలు వెలిసిన పిమ్మట గడ్డలు. మాంసము ఎప్పుడో కాని లేదు. చెంచు వేటగాడను ప్రసిద్ధి యున్నను, హైమెన్‌డార్ఫ్ చూచిననాటికి వేట వారి ఆహారమున స్వల్పాంశము. ఆ యడవి ప్రభువుల వేటకు కేటాయింపబడియుండెను. ఫరహాబాదు ఆ వేటవిడిదిగనే పేరుపొందినది. తమ యడవిలో తాము వేటాడిన నేరమగు స్థితి చెంచులకు నిజాముకాలముననే వచ్చినది.

తేనె సంగతి వేరు. అది పురుషుల పని. అందులోను యువకుల పని. కొండచరియ అంచునుండి తీగలతో పేనిన త్రాటిపై దిగి, పొగబెట్టి, పట్టును కోయవలెను. పైన త్రాడు పట్టుకొనువాడు బావమరిది కావలెను, సొంత సోదరుడు కారాదు అని చెప్పుదురు. సోదరుడు చనిపోయిన వాని భార్యపై ఆశపడవచ్చును; బావమరిది తన అక్కచెల్లెండ్రను విధవలను చేసికొనడు. ఈ యాచారమునకు చెంచులు చెప్పు కారణమిది. ఒక యువకుని దేహబలము ఇచ్చట కుటుంబపు నీతితో ముడిపడియున్నది. చెట్లెక్కు పాట పాడిన చిత్రకవికి ఈ త్రాడు సంగతి తెలిసియుండినచో పాట మరొకరీతిగా నుండెడిదేమో!

అయినను ఈ జీవనమును స్వర్ణయుగముగా చిత్రించుట పొరపాటు. గడ్డలలో పిండిపదార్థము కలదు, మాంసకృత్తులు తక్కువ. నిలువ లేనిచోట వారము దినముల ఎడతెగని వాన పస్తులకు చాలును. మలేరియా పీఠభూమిని విడువలేదు. తేనెను, ఇప్పపూవును, మొర్రిపప్పును క్రిందికి తీసికొనిపోయి జొన్నలు, తైదలు, ఉప్పు, బట్ట తెచ్చుకొనుట 1940 నాటికే సాధారణము. మైదానపు వర్తకుని తూకమునకు వారు అప్పటికే లోబడియుండిరి. కొందరు బఱ్ఱెలను మేపి నెయ్యి అమ్ముచుండిరి. అనగా కేవలము అడవిపై బ్రతికిన చెంచు అప్పటికే అంచున నిలిచినవాడు. హైమెన్‌డార్ఫ్ వ్రాసినది ఒక ప్రాచీన జీవనపు ఆరంభమును కాదు, దాని చివరి అధ్యాయమును. ఈ విషయమును ఆయనయు ఎరుగును. అందుచేతనే ఆయన సలహాపై 1940వ దశకమున సంస్థాన ప్రభుత్వము సుమారు లక్ష ఎకరముల అడవిని చెంచుల కొరకు ప్రత్యేకించినది.

తరువాతి మార్పులను త్వరగా చెప్పుకొందము. 1948లో సంస్థానము విలీనమైనది. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడినది. 1975లో చెంచులు ఆదిమజాతి సమూహముగా గుర్తింపబడిరి. ఆ దశకపు ఉత్తరార్ధముననే శ్రీశైలము కేంద్రముగా వారి కొరకు గిరిజనాభివృద్ధి సంస్థ నెలకొన్నది. 1978లో కృష్ణకు ఇరువైపుల నున్న అడవి అభయారణ్యమైనది. 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014 తరువాత ఉత్తరభాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగా వేరుపడినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చెంచులకు సేకరణ హక్కును గుర్తించినను, పులుల ప్రాంతపు అంతర్భాగమునుండి పెంటలను తరలించు ప్రయత్నములు ఆగలేదు. చెంచుల కొరకు ప్రత్యేకింపబడిన అడవి పులుల కొరకు ప్రత్యేకింపబడిన అడవిగా మారుటకు నాలుగు దశాబ్దములు పట్టినదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

ఆహారచరిత్రలో వీనికన్న ముఖ్యమైనది ఒక దుకాణపు బల్ల. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా స్థాపితమైన గిరిజన సహకార సంస్థ క్రమముగా నల్లమలకును వ్యాపించినది. తపసిబంక, తిరుమాను బంక, తేనె, కుంకుళ్ళు మొదలైన అటవీఫలములను కొనుటయు, బియ్యము, నూనె, ఉప్పు మొదలైన వానిని అమ్ముటయు దాని పనులు. వర్తకుని మోసమునుండి చెంచులను కాపాడుట దాని యాశయము; ఆ మేలు చాలవరకు జరిగినది. కాని ఒకే బల్లపై బంక ఇచ్చి బియ్యము తెచ్చుకొను పద్ధతి చెంచు యువకుని నడకను మార్చినది. పూర్వము అతడు తినుటకై నడచెడివాడు. ఇపుడు అమ్ముటకై నడచును. బంకచెట్టు ఉన్నచోట గడ్డ ఉండవలెనను నియమము లేదు. చెట్టునకు గాటుపెట్టి, కొన్నాళ్ళకు మరల వచ్చి, కారిన బంకను గీకి తెచ్చుట పురుషునికి తగిన ఒంటరిపని. తల్లీపిల్లలు కలిసి త్రవ్వు పని కాదు. ఇట్లు అడవితిరుగుడు కుటుంబముయొక్క పనినుండి పురుషునిపనిగా మారి, స్త్రీలును పిల్లలును పెంటకు దగ్గరపడిరి.

బియ్యము చౌకయగుటతో ఈ మార్పు స్థిరపడినది. 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చు పథకమును ఆరంభించినది. 2000 డిసెంబరులో కేంద్రప్రభుత్వపు అంత్యోదయ అన్నయోజన వచ్చినది. 2002నుండి ఆ కార్డునకు నెలకు 35 కిలోల ధాన్యము. 2003 మే 2న సుప్రీంకోర్టు ఆదిమజాతుల కుటుంబములకు ఈ కార్డులు ఇయ్యవలెనని ఉత్తరువు చేసినది. 2025 ఉగాదినాడు పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగరున తెలంగాణ ప్రభుత్వము రేషను కార్డులపై సన్నబియ్యపు పంపిణీని ప్రారంభించినది. ఆకలిచావును ఎరిగిన జాతికి ఈ బియ్యము ప్రాణదానము. దీనిని చిన్నచూపు చూచువారు పస్తును ఎరుగనివారు. మా ప్రశ్న వేరు. బియ్యము కడుపు నింపినది, సరే. పళ్ళెములోనుండి వేనిని తొలగించినది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో హైదరాబాదు నగరపు ఒక సంస్థ చరిత్ర ఆశ్చర్యకరముగా తోడ్పడును. 1918లో కూనూరున మెక్కారిసన్ ఒకగదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన, మరపట్టిన బియ్యమువలన వచ్చు వ్యాధిని గూర్చినది. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. జొన్న తినువారిలో కనబడు పెల్లాగ్రాను గూర్చి గోపాలన్, శ్రీకాంతయ్యలు 1960లో ప్రకటించిన పరిశోధనయు ఇచ్చటిదే. ఆ వ్యాధికి జొన్నలో లూసీన్ అధికముగా నుండుట కారణమని వారు సూచించిరి. కాబట్టి బియ్యమును తిట్టి జొన్నను పొగడు నేటి ఫ్యాషనును మేము అంగీకరింపజాలము. ఏ ధాన్యమైనను ఒక్కటే పళ్ళెమును ఆక్రమించినప్పుడు దాని లోపము ఎముకకును రక్తమునకును ఎక్కును. చెంచుల పాతపళ్ళెము పేదదే. కాని అందు వైవిధ్యము కలదు. ఆకు, పండు, పూవు, పప్పు, గడ్డ ఋతువును బట్టి మారుచుండెను. 35 కిలోల బియ్యము పన్నెండు నెలలును ఒకటే.

డిండికి ఆవల నల్లగొండ వైపున మరొక చిక్కు కలదు. అడవిచెలమను విడిచి మైదానపు బోరునీటిని ఆశ్రయించినవారు, చెంచులైనను లంబాడీలైనను, ఆ జిల్లా రైతుకూలీల నీటినే త్రాగవలసినవారైరి. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ప్రసిద్ధమే. నీటినుండి దానిని తొలగించు ఒక పద్ధతికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆ ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోనికి వంగిపోవు క్రొత్తవికారమును వర్ణించిరి. జొన్న ముఖ్యాహారముగా గలవారిలో ఇది అధికమని గమనించిరి. 1967లో పూర్తియైన నాగార్జునసాగరపు జలాశయమువలన భూగర్భజలము పైకి వచ్చి, నేలలోని సూక్ష్మధాతువులు పైరులోనికి చేరుటలో మార్పు కలిగియుండునను ఊహయు కృష్ణమాచారి వెలిబుచ్చెను. ఇది చెంచులకు ప్రత్యేకమైన వ్యాధి కాదు. కాని చెంచును అడవినుండి దింపి ఊరిలో కలుపుట మేలని చెప్పువారు, ఆ ఊరి నీరెట్టిదో కూడ చెప్పవలెను. నడకయే బ్రతుకైన బాలునికి మోకాలు చెడుట ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

బడి కథ ఇంకను క్లిష్టమైనది. ఆశ్రమపాఠశాలలు చెంచు పిల్లలకు మూడుపూటల తిండి, పప్పు, గ్రుడ్డు, వైద్యపరీక్ష తెచ్చినవి. వసతిగృహపు పళ్ళెము అనేక పెంటల పళ్ళెములకన్న మేలైనది. దీనిని ఒప్పుకొనక తప్పదు. 2015 జనవరి 1 నుండి తెలంగాణ వసతిగృహములలో సన్నబియ్యపు అన్నము పెట్టుచున్నారు. ఆటస్థలమున్నచోట కబడ్డీ, ఖోఖో కలవు. గిరిజన బాలికల శరీరశక్తికి గురుకులపాఠశాల ఏమి చేయగలదో లోకమునకు తెలిసిన ఉదాహరణమే కలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేండ్ల వయస్సున ఎవరెస్టు శిఖరము నధిరోహించినది. ఆమెకు తొలిశిక్షణ జరిగినది పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి కొండపైననే. కొండ యెక్కుట వంశానుగతముగా తెలిసిన చెంచు పిల్లలకు ఇట్టి అవకాశము ఎందరికి వచ్చినదను ప్రశ్న సహజముగా పుట్టును.

కాని సామాన్యముగా ఆశ్రమపాఠశాలలో జరుగునది వేరు. శరీరశ్రమ అచ్చట కాలపట్టికలోని ఒక గంట. గంట మ్రోగినప్పుడు ఆట, మరొక గంటకు అన్నము. రెండింటికిని నడుమ సంబంధము లేదు. పదియేండ్లు ఈ క్రమమున పెరిగి, పదవతరగతి దాటియో దాటకయో పెంటకు వచ్చిన యువకునికి గడ్డతీగను గుర్తించు కన్ను ఉండదు. మైదానపు ఉద్యోగమునకు కావలసిన చదువును చాలదు. అతని ముందున్న మార్గము కూలి. పాలమూరు కూలి యనుమాట దేశమందంతటను వినబడినది. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసికొని ఆనకట్టలకును కాలువలకును మట్టిమోయుటకు పోవు జనములో మైదానపు పేదలును, లంబాడీలును ముందుండిరి. చెంచులు ఆలస్యముగా, అల్పసంఖ్యలో చేరిరి. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీ పథకము ఆరంభమైనప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు రెండును మొదటివిడతలోనే చేరినవి. ఆ పనులలో గడ్డపార చెంచుచేతికి మరల వచ్చినది. కందకమును త్రవ్వుటకు, గడ్డకొరకు కాదు.

ఇప్పపూవు విషయమున రాజ్యపు దృష్టి ఎట్టిదో చెప్పి మరొక అంశమునకు పోవుదుము. ఇప్పపూవు చెంచులకు అన్నమును సారాయియు కూడ. ఆబ్కారీ శాఖ దానిని సారాయిగా మాత్రమే చూచినది. నిలువయుంచిన పూవు నేరమునకు సాక్ష్యమయ్యెను. ఎండకాలపు ఒక ఆహారము ఇట్లు సిగ్గుపడవలసిన వస్తువుగా మారినది. పిల్లలు బడిలో తాము ఇప్పపూవు తిందుమని చెప్పుటకు వెనుదీయుదురన్నచో అందులో ఆశ్చర్యము లేదు.

ఇన్ని కారణములలో దేని బలము ఎంత? మా అభిప్రాయమున చౌకబియ్యముకన్న, అడవినియమములకన్న, బడి కాలపట్టికయే యువతరముపై ఎక్కువ పనిచేసినది. బియ్యము వచ్చినను గడ్డలు త్రవ్వుట ఆగవలసిన పనిలేదు. రెండును కలిసి చాలకాలము సాగినవి. అడవిశాఖ అడ్డుచెప్పినను చెంచు తన దారిని ఎరుగును. కాని ఏ వయస్సున తీగను గుర్తించు విద్య అబ్బవలెనో ఆ వయస్సున పిల్ల పెంటలో లేనిచో ఆ విద్య ఒక్కతరములో అంతరించును. దీనికి వ్రాతప్రతి లేదు. కోశములలో చెంచుల గడ్డల పేర్లు వెదకినవారికి నిరాశయే కలుగును. ఉన్నచోట కూడ ఒక తీగజాతి యని చెప్పి కోశకారుడు తప్పుకొనును.

పంచాంగమును బడి సెలవులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ సంగతి స్పష్టమగును. ఇప్పపూవు మార్చి, ఏప్రిలు నెలలలో రాలును. ఆ దినములలో పిల్లలకు వార్షికపరీక్షలు. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు లోయలో జాతర జరుగును; చెంచులే అచ్చట పూజారులు. ఆ రాతిదారిని దిగి ఎక్కుట ప్రతి చెంచు బాలునికి దేహపరీక్ష వంటిది. ఆ పూర్ణిమయు తరచుగా బడిదినములలోనే వచ్చును. ఏప్రిలు చివర బడులు మూసి జూను 12 ప్రాంతమున తెరచుదురు. పిల్లలు పెంటకు చేరునప్పటికి పూవు రాలుట ముగిసియుండును. నేల గట్టిపడి తీగలు ఎండి, గడ్డజాడ తెలియని కాలము. తొలకరి చినుకుకు తీగ చిగిర్చి, తెలియనివానికి సైతము కంటబడు నాటికి వారు పెట్టెలు తలకెత్తుకొని అచ్చంపేట బస్సు కొరకు నిలిచియుందురు.